ఫోన్ కొనేముందు దానితో తెలుగు చదివించండి

బడులు తెరిచినప్పటి నుంచి మా హోసూరు వైపు తెలుగు మాధ్యమం తల్లిదండ్రులు ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. "అయ్యవారూ, చేతిలో పదివేలు ఉండాయి. రెడ్‌మీ తీసుకోమంటారా, శామ్‌సంగ్ తీసుకోమంటారా?" రెడ్‌మీ అంటే 14సీ 5జీ. శామ్‌సంగ్ అంటే గెలాక్సీ ఎం06 5జీ. మొదటిది 2025 జనవరిలో, రెండోది ఫిబ్రవరి చివర్లో మార్కెట్లోకి వచ్చాయి. రెండూ 5జీ ఫోన్లే. రెండిటి ధరా పదివేల అటూ ఇటూ. పోటీ ఫోన్లంటే ఇవే.

దుకాణంలో అడిగితే కౌంటరు వెనక ఉన్న కుర్రవాడు దీని కెమెరా 50 మెగాపిక్సెల్ అంటాడు. దాని సంగతేమిటంటే దానికీ 50 అంటాడు. యూట్యూబులో పోల్చి చూపేవాళ్లు ఏ ఫోన్లో ఆటలు ఆగకుండా ఆడతాయో చెబుతారు, రాత్రిపూట తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపుతారు. తెలుగు మాధ్యమంలో ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లకు ఈ రెండిట్లో ఏది అక్కరకొస్తుందన్న మాట ఎవరి నోటా రాదు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న పుట్టదు. అక్కడ వీధిలోకి వస్తే దుకాణాల బోర్డులు, గోడల మీద రాతలు, సినిమా పోస్టర్లు అన్నీ తెలుగులోనే కనిపిస్తాయి. ఫోన్లో తెలుగు ఉన్నా లేకున్నా పిల్ల కంటికి తెలుగు అక్షరం ఆనుతూనే ఉంటుంది.

మన సంగతి అలా కాదు. హోసూరులో బస్సు బోర్డు తమిళం. బళ్లారిలో కన్నడం, రాయగడలో ఒడియా, సోలాపూరులో మరాఠీ. యానాం వాళ్లకు ఊరంతా తెలుగే కాబట్టి ఈ బాధ అంతగా లేదు గానీ, మిగిలిన మనందరి పిల్లలకూ సాయంత్రం బడి గంట కొట్టాక తెలుగు లిపి కనిపించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంట్లో మాట తెలుగే. కానీ మాటకు లిపి అక్కర్లేదు కదా. మా తమిళనాడులో 2006 నాటి తమిళ అధ్యయన చట్టం తర్వాత పిల్లలు తమిళం చదవడం తప్పనిసరి అయింది. చదవాలి కూడా, ఉన్న ఊరి భాష రాకపోతే రేపు పని దొరకదు. దాంతో తెలుగుకు దక్కే సమయం ఇంకా తగ్గింది. కాబట్టి ఇంట్లోకి వచ్చే ఆ పదివేల రూపాయల వస్తువు మన పిల్లకు కెమెరా కంటే, ఆటబొమ్మ కంటే ముందు ఒక తెలుగు పలక. పలకను ఎలా ఎంచుతామో దీన్నీ అలాగే ఎంచాలి.

ఆ కొలతతో రెండిటినీ చూద్దాం.

ముందు తెర. రెడ్‌మీ తెర 6.88 అంగుళాలు, శామ్‌సంగ్‌ది 6.7. పిల్లలు రెడ్‌మీ వైపు మొగ్గేది ఇందుకే. పెద్దదైతే అక్షరం బాగా కనిపిస్తుందని పెద్దలూ అనుకుంటారు. ఇక్కడ ఒక చిన్న కిటుకుంది. రెండు తెరలకూ అడ్డంగా ఉన్న చుక్కలు 720 మాత్రమే. ఆ చుక్కల్నే కాస్త ఎక్కువ చోటులో పరిస్తే అక్షరం పెద్దదవుతుంది, తేటపడదు. ఇంగ్లీషు అక్షరానికి ఇది పెద్ద లోపం కాదు. తెలుగుకు లోపమే. మన అక్షరం కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు, పైన గుడి, పక్కన సున్న. 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం', 'రాష్ట్రం' లాంటి మాటల్లో కింద వత్తులు ఎంత ఇరుకులో సర్దుకుంటాయో చూడండి. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి పేజీ మొత్తం ఒకేసారి తెర మీద కనిపించేలా పెడితే రెండు ఫోన్లలోనూ ఆ వత్తులు అలుక్కుపోతాయి. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదవక తప్పదు. అలా చేసినప్పుడు 6.88కీ 6.7కీ తేడా నా కంటికైతే కనిపించలేదు. అరవై దాటిన మా ఇంటి పెద్దావిడకు మాత్రం రెడ్‌మీయే నచ్చింది. ఆవిడ పీడీఎఫ్ చదవదు, వాట్సాప్‌లో మనవరాలి ఫొటోలు చూస్తుంది.

రెడ్‌మీ తెరకు 120 హెర్ట్జ్ అని డబ్బా మీద పెద్దగా వేస్తారు. వేలితో జరిపినప్పుడు తెర నున్నగా జారుతుందని దానర్థం. పాఠం చదివే పిల్ల పేజీని జార్చేది నిమిషానికి ఒకసారి. దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు.

అసలు తేడా ఉన్నది ఫోన్ లోపలి చోటులో. రెడ్‌మీ 9,999 రూపాయలకు ఇచ్చింది 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. అదే ర్యామ్‌తో 128 జీబీ కావాలంటే 10,999. శామ్‌సంగ్ మొదటి మోడలే 4 జీబీ ర్యామ్, 128 జీబీ నిల్వ, విడుదలైనప్పుడు బ్యాంకు తగ్గింపు పోను 9,499. ఇవి వచ్చిన కొత్తలోని ధరలు. పండగలకు తగ్గుతాయి, మధ్యలో మారతాయి, దుకాణాన్ని బట్టి కూడా వందా రెండొందలు తేడా ఉంటుంది. కానీ లెక్క మాత్రం మారదు. ఇంచుమించు ఒకే ధరకు ఒకదానిలో ఉన్న చోటు రెండోదానిలో రెట్టింపు.

తెలుగు బడి పిల్లకు చోటు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. పక్క బడిలో తమిళ మాధ్యమం పిల్లకు పుస్తకం, గైడు, మాదిరి ప్రశ్నపత్రాలు, మాస్టారు చెప్పే వీడియోలు ఏది కావాలన్నా బజారులోనో నెట్‌లోనో అప్పటికప్పుడు దొరుకుతాయి. మన పిల్లకు తమిళనాడు సిలబస్‌లో, తెలుగులో గైడు కావాలంటే హోసూరు బజారంతా తిరిగినా దొరకదు. చాలా ఏళ్లలో పుస్తకమే ఆలస్యంగా చేతికొస్తుంది. అందువల్ల మనం చేసేదేమిటంటే, పుస్తకం పీడీఎఫ్ దింపుకుంటాం. అయ్యవార్లు చేత్తో రాసిన నోట్సు ఫొటోలు గ్రూపులో పెడతారు, అవి దాచుకుంటాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21 నుంచి తెస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు సైన్సుకు, లెక్కలకు బాగా ఉపకరిస్తాయి. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. రేపు ప్లస్ వన్‌లో ఇంగ్లీషు మాధ్యమానికి మారబోయే పిల్లకు అంతకంటే మంచి వంతెన లేదు. కానీ ఆ ఫైళ్లు చాలా బరువు. నాలుగైదు సబ్జెక్టులు దింపేసరికి 64 జీబీ ఫోన్లో, అందులోనూ సిస్టమ్ తినేది పోగా, అమ్మ వాట్సాప్ వీడియోలూ నాన్న ఫొటోలూ పోగా, ఎర్ర అక్షరాలతో 'చోటు లేదు' అని వస్తుంది. అప్పుడు మొదట తుడిచేసేది ఏది? పెళ్లి వీడియో కాదు. పాఠమే. ఇది ఏ ఇంట్లోనైనా జరిగేదే. మెమరీ కార్డు వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. మంచి కార్డు కొనాలంటే మళ్లీ కొన్ని వందలు. సంతలో దొరికే నకిలీ కార్డులో దాచిన పాఠం నాలుగు నెలలకు తెరుచుకోదు.

తర్వాతది అప్‌డేట్ల సంగతి. దీని మీద శామ్‌సంగ్ చాలా చెప్పుకుంటోంది. ఎం06కు నాలుగు తరాల ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, నాలుగేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. రెడ్‌మీ 14సీకి రెండు తరాల ఆండ్రాయిడ్, నాలుగేళ్ల భద్రత. పైగా శామ్‌సంగ్ ఆండ్రాయిడ్ 15తో మొదలైంది, రెడ్‌మీ 14తో. కాగితం మీద చూస్తే శామ్‌సంగ్ చాలా ముందుంది. అయినా ఈ ఒక్క కారణంతో ఎగబడనక్కర్లేదు. 2025-26లో తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల ప్లస్ టూ పరీక్ష రాసేది 2029 మార్చిలో. ఇంచుమించు అప్పటిదాకా రెండు ఫోన్లకూ భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. మనకు కావలసింది అదే, ఎందుకంటే ఆ ఫోన్లోనే ఇంటి డబ్బులు కూడా తిరుగుతుంటాయి. ఇక ఆండ్రాయిడ్ తరం పాతబడినంత మాత్రాన యాప్‌లు వెంటనే ఆగిపోవు. 2013లో వచ్చిన కిట్‌క్యాట్ అనే ఆండ్రాయిడ్‌ను వాట్సాప్ వదిలేసింది 2025 జనవరిలో. 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్ మీద నాలుగోసారి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కితే అది పరిగెడుతుందా, కుంటుతుందా అన్నది కూడా ఆలోచించాల్సిందే. ఒకే ధరకు నాలుగు తరాలు ఇస్తానంటే వద్దనకండి. దానికోసం మాత్రమే వెయ్యి ఎక్కువ పెట్టకండి.

ఛార్జరు విషయంలో రెడ్‌మీ మేలు. డబ్బాలోనే 33 వాట్ల ఛార్జరు పెట్టి ఇస్తున్నారు, ఫోన్ తీసుకునేది 18 వాట్లే అయినా. శామ్‌సంగ్ డబ్బాలో ఛార్జరు లేదు. ఇంట్లో సరైన ఛార్జరు లేకపోతే దాని ఖర్చు కలిపి చూసుకోవాలి, అప్పుడు 9,499 కాస్తా పదివేలు దాటుతుంది. ఈ మాట అమ్మేవాడు బిల్లు రాసేదాకా చెప్పడు. బ్యాటరీలు 5,160, 5,000. తేడా లేదనుకోండి.

ప్రకటనలు ఇంకో తలనొప్పి. రెడ్‌మీలో ఆ కంపెనీ సొంత యాప్‌లే సిఫారసుల పేరుతో ప్రకటనలు చూపుతాయి. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కోదాన్నీ ఆపుకోవచ్చు, ఓపిక ఉండాలి. శామ్‌సంగ్ చవక ఫోన్లలోనూ అడగని యాప్‌లు ముందే ఎక్కించి ఇస్తారు. కొన్న రోజే అరగంట కూర్చుని అక్కర్లేనివి తీసేయించండి. తెలిసిన పెద్దపిల్ల ఎవరైనా చేసిపెడతారు.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. చెప్పాల్సింది ఇక్కడే ఎక్కువ ఉంది.

మన దేశంలో అమ్మే ఫోన్లన్నీ భారతీయ భాషలు చూపించాలని కేంద్రం 2016లో ఉత్తర్వు ఇచ్చింది. అందులోని తీరు గమనించండి. 22 అధికార భాషల్లో వచ్చిన సందేశం చదువుకునే వీలు ఉండాలి. రాయడానికి మాత్రం ఇంగ్లీషు, హిందీ, ఇంకొక్క భారతీయ భాష ఉంటే చాలు. ఆ ఇంకొక్కటి తెలుగే కావాలని ఎక్కడా లేదు. నిజానికి కంపెనీలు అంతకంటే ఎక్కువే ఇస్తున్నాయి. ఈ రెండు ఫోన్లలోనూ మెనూలన్నీ తెలుగులోకి మార్చుకోవచ్చు, తెలుగులో రాసుకోవచ్చు. తేడా ఆ దారి ఎంత దగ్గర అన్నదానిలోనే. రెడ్‌మీలో జీబోర్డు ముందే ఉంటుంది. అందులో తెలుగు చేర్చుకుంటే సరి. శామ్‌సంగ్‌లో వాళ్ల సొంత కీబోర్డు వస్తుంది, దానికి తెలుగు భాష దింపుకోవాలి. నచ్చకపోతే జీబోర్డును విడిగా పెట్టుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మాటతో తెలుగు రాయించాలంటే అదే తేలిక. గూగుల్ 2017లో మాటను రాతగా మార్చే పద్ధతిలో తెలుగును చేర్చింది. అప్పటి నుంచి అది బాగా మెరుగుపడింది. ఒకే గూగుల్ యంత్రం కాబట్టి రెండు ఫోన్లలోనూ ఒకేలా రాస్తుంది. పుస్తకాల భాషలో చెబితే తప్పులు తక్కువ. మా పిల్లల యాసలో, మధ్యమధ్య తమిళం కలిపి చెబితే ఏదేదో రాస్తుంది. నవ్వుకుంటారు, మళ్లీ చెబుతారు. ఆ వంకన స్పష్టంగా పలకడం నేర్చుకుంటే నష్టమేమీ లేదు.

అంటే తెలుగు విషయంలో ఈ రెండు ఫోన్ల మధ్య పోటీ సమానమే. నిజమైన పోటీ ఆ ఫోన్ లోపల, రెండు రకాల రాతల మధ్య జరుగుతోంది. తెలుగు మాటను తెలుగు అక్షరాల్లో రాయడమా, ఇంగ్లీషు అక్షరాల్లో రాయడమా?

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసే అలవాటు ఊరికే రాలేదు. పాత బటన్ ఫోన్ల కాలంలో ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పట్టేవి. తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. పైగా ఫోన్ లెక్కపెట్టేది మనం చూసే అక్షరాల్ని కాదు. 'స్వాతంత్ర్యం' కంటికి మూడు అక్షరాలు. ఫోన్‌కు అది పన్నెండు గుర్తులు. స, పొల్లు, వ, దీర్ఘం, త, సున్న, త, పొల్లు, ర, పొల్లు, య, సున్న. ఈ మాటను ఐదుసార్లు రాస్తే ఆరోదానికి చోటుండదు, రెండో ఎస్సెమ్మెస్‌కు డబ్బు పడుతుంది. కాబట్టి ఆనాడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవాళ్లు పొదుపు చేశారు. ఈనాడు వాట్సాప్‌కు ఆ హద్దూ లేదు, ఆ ఖర్చూ లేదు. అలవాటు మాత్రం మిగిలింది.

ఆ అలవాటు మన పిల్లలకు చేసే చెరుపు చిన్నది కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'పాట', 'పాత' ఒకేలా ఉంటాయి. 'కల', 'కళ' ఒకేలా ఉంటాయి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. రోజంతా ఆ లిపి చూసే పిల్లకు ఈ భేదాలు ముందే జారిపోతుంటాయి. సాయంత్రం ఫోన్లో కూడా వాటికి పని లేకుండా చేస్తే, పరీక్ష కాగితం మీద 'గది' రాయాల్సిన చోట 'కది' రావడంలో వింతేముంది? హైదరాబాదు పిల్ల ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా, చుట్టూ ఉన్న తెలుగు దాన్ని సరిదిద్దుతుంది. మన పిల్లకు సరిదిద్దే చెయ్యి బడి ఒక్కటే.

కీబోర్డుల్లోనూ రెండు దారులున్నాయి. ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు మాటగా మారేది ఒకటి. తెలుగు అక్షరాలే మీటల మీద ఉండేది ఇంకొకటి. పెద్దలకు మొదటిది హాయి. వద్దనను, తెలుగు లిపిలో అచ్చయితే చాలు. పిల్లలకు మాత్రం రెండోదే పెట్టండి. మొదటి వారం విసుక్కుంటారు, వెతుక్కుంటారు. తర్వాత వేలు దారి పడుతుంది. అందులో 'అక్క' రాయాలంటే అ నొక్కి, క నొక్కి, పొల్లు నొక్కి, మళ్లీ క నొక్కాలి. మనం నల్లబల్ల మీద ఏళ్ల తరబడి చెప్పే పాఠమే అది. హల్లుకు అచ్చు పోతే పొల్లు, పొల్లు పక్కన హల్లు చేరితే వత్తు. 'క్ష' అంటే క పొల్లు, ష అని పిల్ల తన వేలితో కనుక్కుంటుంది. ఇంగ్లీషు మీటల పద్ధతిలో ఆ పని యంత్రం చేసేస్తుంది, పైగా మూడు మాటలు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. పిల్ల ఎంచుకుంటుంది, రాయదు.

మెనూలన్నీ తెలుగులో పెడితే బ్యాంకు యాప్ అర్థం కాదని తండ్రులు భయపడతారు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కో యాప్‌కు ఒక్కో భాష పెట్టుకునే వీలొచ్చింది, ఆ యాప్ ఒప్పుకుంటే. ఫోన్ మొత్తం తెలుగులో ఉంచి, అవసరమైనదాన్ని ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంచవచ్చు. రెండు ఫోన్లూ 13 దాటినవే. ఆ మెనూల తెలుగు కొన్నిచోట్ల కరకుగా ఉంటుంది, ఇంగ్లీషును పట్టుకుని లాగినట్టు. అయినా లిపి తెలుగే కదా, రోజుకు నూరుసార్లు కంటపడుతుంది.

ఖరీదైన ఫోన్లో తెలుగు ఇంకా బాగుంటుందేమో అనేవాళ్లూ ఉన్నారు. మా హోసూరు పక్కనే టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఐఫోన్ల పై తొడుగులు తయారవుతాయి. అందుకేనేమో, పాత ఐఫోన్ సెకండ్ హ్యాండులో తీసుకుంటే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. ఐఫోన్ తెలుగు చూపదని కాదు, చూపుతుంది. కానీ ధరకూ తెలుగుకూ లంకె లేదనడానికి ఒక్క సంగతి చెబుతాను. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరి సందేశంగా వస్తే, ఖరీదైన ఆ ఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా దాన్ని 'తెలుగు అక్షరం' అని చెప్పుకుంది. కొద్ది రోజుల్లో 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ సరిచేసింది. జ్ఞానంలోని జ్ఞా! మన భాషను చివర్లో పరీక్షిస్తే జరిగేది అదే. రెడ్‌మీ సంగతికొస్తే, 2015లో షావోమీ మన దేశంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది చిత్తూరు వైపున్న శ్రీసిటీలో. ఆ మొదటి ఫోన్ విడుదలైంది విశాఖలో. తెలుగు నేల మీద తయారైనంత మాత్రాన తెలుగు బాగా వస్తుందనీ కాదు, వినడానికి బాగుంటుందని చెప్పాను.

ఇంతకూ ఏది కొనాలి? పిల్ల చదువు కోసమే, నాలుగేళ్లు వాడాలని కొనేటట్టయితే నా మాట శామ్‌సంగ్ ఎం06. కారణం కెమెరా కాదు, పేరు కాదు. ఆ డబ్బుకు రెట్టింపు చోటు వస్తోంది, పాఠాలు తుడిచేయనక్కర్లేదు. అప్‌డేట్లు అదనపు లాభం. ఇంట్లో ఛార్జరు లేక, పెద్దవాళ్లూ వాడే ఫోనై, పాఠాలు అప్పుడప్పుడూ చూసేదైతే రెడ్‌మీ తీసుకోండి, నష్టపోరు. ఇంకో వెయ్యి పెట్టగలిగితే రెడ్‌మీలోనూ 128 జీబీదే తీసుకోండి. 64 జీబీది మాత్రం బడి పిల్లకు వద్దు. ఇంట్లో ఉన్న పాత ఫోన్ తెలుగు సరిగ్గా చూపుతూ, ఇంకా భద్రతా అప్‌డేట్లు అందుకుంటుంటే ఈ ఏడాదికి దాన్నే ఉంచండి. అప్పు చేసి కొనాల్సిన వస్తువు కాదిది.

పిల్ల చేతికి ఫోనే వద్దనే తోటి ఉపాధ్యాయులున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. తొమ్మిదింటికి పాఠమని తీసుకున్న ఫోన్ పదకొండింటికి రీల్స్‌లో తేలుతుంది. ఇంగ్లీషు మాధ్యమం పిల్లకు ఫోన్ ఇవ్వకపోతే వేరే దారులున్నాయి. మన పిల్లకు తెలుగులో నిఘంటువు కావాలంటే ఆంధ్రభారతి ఉన్నది ఫోన్లోనే, తెలుగు వికీపీడియా ఉన్నది ఫోన్లోనే. మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఫోన్ అమ్మదిగా ఉండాలి, ముందు గదిలో ఉండాలి, పిల్లకు గంట ఇవ్వాలి. పిల్ల ఖాతాను పెద్దల ఖాతాకు కట్టి, సమయానికి ఆగిపోయేలా పెట్టే వీలు రెండు ఫోన్లలోనూ ఉంది.

బడుల వైపు నుంచి కూడా ఒక పని కావాలి. చాలా బడుల వాట్సాప్ గ్రూపుల్లో 'రేపు సెలవు' అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో వస్తోంది, లేదా మాటగా రికార్డు చేసి పంపుతున్నారు. తెలుగు మాధ్యమం బడి నుంచి వచ్చే నోటీసు తెలుగు లిపిలో లేకపోతే, ఇంట్లో ఎంత మంచి ఫోనున్నా ఏం చేస్తుంది? నోటీసు, ఇంటిపని, పరీక్షల పట్టిక, పుట్టినరోజు శుభాకాంక్షలు అన్నీ తెలుగు అక్షరాల్లోనే పెట్టాలని గ్రూపు మొదటి వరుసలో రాసి పెట్టండి. తల్లులు జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తే కోప్పడవద్దు. పిల్ల చేత తెలుగులో మళ్లీ రాయించి పంపమనండి. నాలుగు వారాలకు పిల్లే అమ్మకు కీబోర్డు మార్చి ఇస్తుంది.

కొనే రోజు పిల్లను వెంట తీసుకెళ్లండి. కౌంటరు మీద ఫోన్ తెరిపించి, భాష తెలుగులోకి మార్పించండి. తెలుగు పాఠ్యపుస్తకం పీడీఎఫ్ ఒకటి మీ ఫోన్ నుంచి పంపి, ఆ కొత్త తెర మీద ఒక పేజీ పిల్ల చేత గట్టిగా చదివించండి. వత్తులు కనపడక పిల్ల ఆగిపోతోందేమో చూడండి. తర్వాత కీబోర్డు తెరిచి 'జ్ఞానం', 'స్వాతంత్ర్యం', 'లక్ష్మి', 'రాష్ట్రం', 'ఋషి' అనే ఐదు మాటలు తెలుగు మీటలతో రాయమనండి. మైకు నొక్కి ఒక వాక్యం ఇంటి మాటలో చెప్పమనండి. అంతా పది నిమిషాల పని. దుకాణం వాళ్లు తొందరపెడితే, 'మాకు ఇవన్నీ ఎందుకు సార్, కెమెరా చూడండి' అంటే, లేచి పక్క దుకాణానికి వెళ్లండి. హోసూరు బస్టాండు చుట్టూ ఫోన్ల దుకాణాలకు కరువు లేదు.